ఎడంచేతి ముడి

ఆ పలకా? ముట్టుకుంటే ముట్టుకో గానీ లాగకు నాయనా, మేకు వదులుగా ఉంది. ముందు తలుపెయ్యి. గాలి చూడు, పొయ్యిలో బూడిదంతా తెచ్చి నా మొహాన కొడుతోంది. బూట్లు విప్పి ఇలా ఇయ్యి, ఆరబెడతాను. పది నిమిషాల్లో వెళ్ళిపోతావా? సరే, ఆ పది నిమిషాలూ తడి బూట్లతోనే కూర్చోవాలని రూలేం లేదుగా. దుప్పటి బల్ల కింద కాళ్ళు పెట్టు, లోపల కుంపటి ఉంది. ఆఁ, అలాగ. పెద్ద మంచు తుఫాను వస్తోందని చెప్పి రమ్మని టౌన్ ఆఫీసు వాళ్ళు పంపారు నిన్ను, అంతేగా? పొద్దున్నించీ ఆ స్తంభం మీది మైకు అదే పాట పాడుతోంది. నాకు మైకెందుకు, నిన్న సాయంత్రం సముద్రం వైపు నించి ఉరిమింది. చలికాలంలో ఉరిమితే మా అత్తగారు, "అదిగో, పైన మంచు మూటలు విప్పుతున్నారు, కట్టెలు లోపల పెట్టవే" అనేది. పెట్టాను. కిటికీలకి చెక్కలు నవంబరులోనే కొట్టించాను. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టాను, కిరసనాయిలు రెండు డబ్బాలుంది, ముల్లంగి పాతిన చోట గడకర్ర గుచ్చాను. పార గుమ్మం లోపలే ఉంది, చూశావా? పార బయట పెట్టి పడుకున్నవాడు తెల్లారి చేతులతో తవ్వుకుంటాడు. ఇది కూడా రాసుకుంటావా? రాసుకో రాసుకో, మీ కాగితంలో ఉండదిది.

మీ ఇల్లు దిగువూళ్ళోనేగా. చంటిపిల్ల ఉందన్నావు. ఎన్నో నెల? నాలుగా. అయితే మీ ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. ఇంకా టైముందిలే. మంచు తోసే బండి పైనే ఉంది, కొసనున్న ఇంటి దాకా తోసుకుంటూ వెళ్ళి మూడింటికి వెనక్కొస్తాడు, దాని వెనకాలే నీ కారు దించుకోవచ్చనేగా నీ ఉద్దేశం. వచ్చేటప్పుడు నా గుమ్మం ముందు హారన్ కొడతాడు, బతికే ఉన్నావా ముసలమ్మా అని. నేను ఈ కిటికీలోంచి చెయ్యూపుతాను. అదయ్యాక ఇంక ఇవాళ్టికి ఈ కొండదారిలో పురుగు కూడా తిరగదు.

పలక సంగతి అడిగావు కదూ. అది మా ఊరికి మంచు బండి లేని రోజులది. అప్పుడు పద్నాలుగు ఇళ్ళు. ఇప్పుడు? నేనూ, కొసనున్న ఆ గుర్రుమనే ముసలాయనా, రెండు. అప్పట్లో మంచు పడ్డ ప్రతి పొద్దునా ఎవరో ఒకరు దారి తొక్కాలి. ఊరి నించి కిందికి, సగం దారిలో బాటసారుల్ని కాచే రాతి దేవుడు, జిజో సామి ఉన్నాడే, అక్కడి దాకా మాది. అక్కడి నించి కిందికి దిగువూరి వాళ్ళది. మంచులో దిగబడకుండా కాళ్ళకి తీగ చట్రాలు కట్టుకుని, పక్కపక్కనే అడుగు మీద అడుగు వేసుకుంటూ వెళ్ళి, మళ్ళీ అదే తొక్కుకుంటూ రావాలి. మనిషి వెడల్పు దారి. ఆ పద్నాలుగు ఇళ్ళకీ వంతు. ఎవరి వంతైతే వాళ్ళ తలుపుకి ఈ పలక వేలాడుతుంది. ఇవాళ నేను తొక్కానా, సాయంత్రం దీన్ని తీసుకెళ్ళి పక్కింటి తలుపుకి కట్టి రావాలి. పిలవక్కర్లేదు, చెప్పక్కర్లేదు. చెక్క తలుపుకి తగిలి టక్ మంటుంది. లోపలున్నవాళ్ళు ఆ చప్పుడు విని, ఓహో రేపు మనం అనుకుంటారు. తిప్పి చూడు, వెనకాల వరసగా ఇళ్ళ పేర్లున్నాయి. మేం మనుషుల్ని ఇళ్ళతోనే పిలుస్తాం. మాది మిట్ట ఇల్లు, మొదట ఉంది చూడు. దాని కింద ఏటి ఇల్లు. దాని కింద కమ్మరిల్లు. ఆ రెండో పేరు మిగతావాటిలా లేదా? సిరా వేరుగా ఉందా? ఉంటుంది. నీ కళ్ళు మంచివే.

ఏటి ఇల్లంటే ఇసో పెద్దమ్మ. నాకేం చుట్టం కాదు, పక్కిల్లు. నేను కాపురానికొచ్చిన మొదటి చలికాలం నాకు దారి తొక్కడం నేర్పింది ఆవిడే. అప్పటికే అరవై దాటింది, నా భుజం దాకా వచ్చేది మనిషి. నోరు మాత్రం కొండ అవతలికి వినపడేది. మా మగాళ్ళందరూ చలికాలం వస్తే టోక్యోకి కూలి పనులకి పోయేవాళ్ళు, ఏప్రిల్ దాకా ఊళ్ళో ఆడవాళ్ళూ ముసలాళ్ళే. నన్ను మొదటి రోజు వెంటబెట్టుకుని వెళ్ళి, "ఒసేయ్ మిట్ట కోడలా, కాళ్ళ వంక చూస్తావేమే, కాళ్ళెక్కడికీ పోవు, తర్వాతి కర్ర వంక చూడు" అంది. లోయ పక్కన వరసగా వెదురు కర్రలు పాతేవాళ్ళం, ఎర్రగుడ్డ కట్టి. ఇరవై ఒకటి. పోయేటప్పుడు కర్ర నీ కుడిచేతి వైపు, వచ్చేటప్పుడు ఎడమ. కర్ర దాటావా, కింద యాభై గజాలు గాలే. "మరి కర్ర కూడా కనపడకపోతేనో పెద్దమ్మా?" అన్నాను. "కనపడకపోతే అరికాలిని అడుగు" అంది. రోజూ తొక్కిన దారి మీద ఎంత కొత్త మంచు పడ్డా అడుగున గట్టిగా ఉంటుంది, తెలుసుగా. కాలు పక్కకి వేశావా, నడుం దాకా దిగిపోతావు. దారి కళ్ళకి కాదు, అరికాళ్ళకి ఉండాలి అనేది. అందుకే తొక్కేవాళ్ళ మీద ఆధారం. ఒక్కరోజు మానేస్తే అడుగు గట్టిపడదు. ఎవరూ మానేవాళ్ళు కాదు. ఊరి పరువు అది. కురుమిదాని ఊరి వాళ్ళు దారి తొక్కకుండా ఉండరు అని దిగువూళ్ళో గుడ్డిగా నమ్మేవాళ్ళు. ఆ నమ్మకమే చూడు, ఎంత పని చేసిందో. చెప్తానుండు.

టీ పోసుకో. వేడిగా లేదా? ఆ కెటిల్ ఇలా జరుపు. ఏమిటీ, కిటికీ వంక చూస్తున్నావు? ఆ కొట్టంలో రేకు అది, ఏటా అలాగే కొట్టుకుంటుంది.

పంతొమ్మిదివందల అరవై మూడు, జనవరి ఆఖరు. మీ టౌన్ ఆఫీసులో ఫొటోలు పెట్టారుగా ఆ ఏటివి, రెండో అంతస్తు కిటికీలోంచి మనుషులు బయటికి నడుస్తూ. అదే. నాకు ఇరవై రెండు. ఆ రోజు వంతు మాది, నేనే తొక్కి వచ్చాను. సాయంత్రం పలక ఏటి ఇంటికి కట్టాలి. ఆకాశం చూస్తే పాత తపేలా అడుగులా ఉంది. ఉరుములు. పొద్దున మంచి నీళ్ళ దగ్గర చూశాను ఇసో పెద్దమ్మని, మోకాలు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతోంది. నన్ను చూడగానే చెయ్యి తీసేసింది. పైగా దగ్గు. నాకు మనసొప్పలేదు నాయనా. రేపు తుఫాను, ఈవిడ మోకాలితో ఎలా వెళ్తుంది? అడిగితే తిడుతుంది. అంతకు ముందేడే ఊరిపెద్ద, "అమ్మా, మీ ఇంట్లో మీరొక్కరే, వంతు నించి పేరు తీసేద్దామా" అంటే ఆవిడ, "పలక నా గుమ్మం దాటి పోయిన రోజున నేను ఈ ఊరి మనిషిని కానట్టే. అప్పుడు నాకు చావు వంట కూడా వండకండి" అని లేచి వచ్చేసింది. అందుకని నేను అడగలేదు. పలక పట్టుకుని ఏటి ఇంటి ముందు నించి పిల్లిలా నడిచాను. నడిచి, కమ్మరింటి తలుపుకి కట్టేశాను. టక్ మంది. కమ్మరింటి మిసావో దుక్కలాంటిది, ముప్పై ఏళ్ళ మనిషి, ఆవిడ తొక్కుతుంది రేపు, ఇసో పెద్దమ్మ తుఫాను తగ్గాక ఎప్పుడో తొక్కుతుంది, ఏం పోయింది? ఇంటికొచ్చి హాయిగా ముల్లంగి పులుసు తాగాను. పుణ్యం చేశాననుకున్నాను, నిజం చెప్తున్నాను.

మిసావో ఏమనుకుందో తెలుసా? అక్కడే ఉంది మెలిక. ఆవిడ తలుపు తీసి పలక చూసింది. వేళ్ళ మీద లెక్కేసింది. మిట్ట ఇల్లు ఇవాళ తొక్కింది. రేపు ఏటి ఇల్లు. ఎల్లుండి నేను. మాకు పలక ఎప్పుడూ ఏటి ఇంటి నించే వస్తుంది, అంటే ఇది ఇసో కట్టి వెళ్ళింది. ఒకరోజు ముందే ఎందుకు కట్టింది? రేపు పొద్దున్నే తొక్కుతూ తొక్కుతూ ఆ మోకాలు చూపించుకోడానికి దిగువూరు డాక్టరు దగ్గరికి పోతుందేమో, సాయంత్రానికి రాలేదేమో, అందుకని ముందే కట్టింది. సబబుగానే ఉందిగా? నేనైనా అలాగే అనుకునేదాన్ని. అనుకుని, దుప్పటి ముసుగు పెట్టి పడుకుంది.

ఇసో పెద్దమ్మ ఏమో ఆ సాయంత్రమంతా టక్ మన్న చప్పుడు కోసం కూర్చుంది. రాలేదు. తెల్లారి తలుపు తీసి చూసింది. పలక లేదు. నన్ను ఊళ్ళోంచి తీసేశారన్నమాట అనుకుంది. తర్వాత నాతోనే చెప్పింది ఆ మాట. పొయ్యి కూడా వెలిగించలేదుట, అలాగే కూర్చుంది.

ఇక్కడ ఊళ్ళో ఎవరూ దారి తొక్కలేదు, ఆ సంగతి ఎవరికీ తెలీదు. మంచు మాత్రం ఆగకుండా పడుతోంది. ఇదిలా ఉండగా మా ఆయన, యాసుకిచి, ఆ పొద్దున దిగువూళ్ళో రైలు దిగాడు. ఎవరు రమ్మన్నారు? ఎవరూ రమ్మనలేదు. పని చేసేచోట చెయ్యి నలిగితే పదిరోజులు సెలవిచ్చారు. వస్తున్నానని టెలిగ్రాం ఇచ్చాడు, ఆ టెలిగ్రాం కిందనే పోస్టాఫీసులో కూర్చుంది, పోస్టుమాను పైకి రాలేక. ఎనిమిదింటికి బయల్దేరాడు. దిగువూరి వాళ్ళు జిజో సామి దాకా శుభ్రంగా తొక్కి పెట్టారు. అక్కడి నించి చూస్తే అంతా తెల్లగా, చదునుగా, అడుగు జాడ లేదు. వేరే ఊరివాడైతే వెనక్కి తిరిగేవాడు. మా ఆయన మా ఊరివాడు కదా, "మనవాళ్ళు తొక్కకుండా ఉండరు, పొద్దున తొక్కి ఉంటారు, పైన కొత్త మంచు కప్పేసి ఉంటుంది, అడుగున గట్టిదారి ఉంటుంది" అనుకుని కాలుతో వెతుక్కుంటూ ముందుకి దిగాడు. లేని దారి కోసం వెతకడం, చూడు. ముందు రోజు నేను తొక్కింది అప్పటికే మూడడుగుల కింద ఉంది. కాసేపు తగిలేది, కాసేపు తగిలేది కాదు. పైగా గాలి. చెయ్యి చాపితే వేళ్ళు కనపడని గాలి.

ఇసో పెద్దమ్మ తొమ్మిదింటికి కిటికీ చెక్క సందులోంచి కొండవాలు వంక చూసింది. అప్పుడు కాస్త తెరిపిచ్చింది ఒక్క నిమిషం. వాలు మీద గీత లేదు. రోజూ తొక్కిన దారి దూరం నించి దారంపోగులా కనపడుతుంది. అది లేదు. పలక ఎవరికి వెళ్ళినా సరే, దారి మాత్రం లేదు అని తెలిసింది ఆవిడకి. ఇంక పలకా లేదు, పంతమూ లేదు. చట్రాలు కట్టుకుని బయల్దేరింది. అరవై మూడేళ్ళ మనిషి, దగ్గుతో, ఆ మోకాలితో. ఎవరినీ పిలవలేదు. పిలిచి ఉంటే నేను వెళ్ళేదాన్ని. ఏమో, వెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్నే.

కర్రకీ కర్రకీ మధ్య తొక్కుకుంటూ పోయింది. పద్నాలుగో కర్ర దగ్గర ఎవరో దగ్గినట్టు వినపడిందిట. నా దగ్గే నాకు తిరిగి వినపడుతోందనుకున్నానే అంది తర్వాత. చూస్తే లోయ పక్కకి, కర్రని వాటేసుకుని, ఛాతీ దాకా దిగబడి మనిషి. మెడలో కొత్త రబ్బరు బూట్ల జత వేలాడుతోంది. నాకోసం టోక్యోలో కొన్నాడు. కాళ్ళకి మాత్రం పట్నం తోలు జోళ్ళు. కొత్తవి మట్టి చేసి పెళ్ళానికి ఎలా ఇస్తాననిట. ఇసో పెద్దమ్మ చేతులతో తవ్వింది. ఎంతసేపు తవ్విందో ఆవిడా చెప్పలేదు, ఆయనకీ గుర్తులేదు. మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతుంటే గడ్డి బూట్లు నానిపోయాయి. బయటికి లాగాక, ఆయనకి కాళ్ళు తిమ్మిరెక్కి దారేదో గోతేదో తెలియట్లేదు, ప్రతి అడుగూ పక్కకే వేస్తున్నాడు. అప్పుడు తన చట్రాలు విప్పి ఆయన కాళ్ళకి కట్టింది. తను ఆ తడి గడ్డి బూట్లతో ముందు నడిచి, తను తొక్కిన దారిని తనే అరికాళ్ళతో వెతుక్కుంటూ, వెనకాల ఆయన చేత తన నడుం తాడు పట్టించుకుని, నిద్రపోకుండా బూతులు తిడుతూ తీసుకొచ్చింది. "ఒరేయ్ యాసుకిచీ, నీ పెళ్ళికి నేను వండిన అన్నం తిరిగి ఇచ్చి చావరా వెధవా" అని తిట్టిందిట దారంతా.

మా తలుపు తట్టేసరికి రెండయింది. నేను తలుపు తీశాను. ముందు మా ఆయన్ని చూశాను. తర్వాత ఆవిడ కాళ్ళు చూశాను. అప్పుడు నాకు పలక గుర్తొచ్చింది నాయనా. మా అత్తగారి కేకలు, ఆయన్ని లోపలికి లాగడం, గోరువెచ్చటి నీళ్ళు. ఇసో పెద్దమ్మ మాత్రం కూర్చోలేదు. ఆ కాళ్ళతోనే కమ్మరింటికి వెళ్ళింది. పలక కట్టిన తాడు వంక చూసింది. గడ్డి తాడు ముడి ఒక్కొక్కళ్ళది ఒక్కోలా ఉంటుంది కదా. నాది ఎడంచెయ్యి. ఇదిగో ఈ చెయ్యే, ఇందాక నీకు టీ పోసింది. ఊళ్ళో ఇంకెవరికీ లేదు ఎడంచేతి వాటం. నా ముడి తిరగేసి ఉంటుంది.

విప్పుకుని తిరిగొచ్చింది. మా వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పలక నా ముందు పెట్టింది. "నాకు మోకాలు నొప్పని నేను నీతో చెప్పానా?" అంది. లేదు పెద్దమ్మా అన్నాను. "దారి తొక్కలేనన్నానా?" లేదన్నాను. "నొప్పి నాది. అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది. అంతే. తిట్టలేదు. ఊరంతా వినపడేలా తిట్టే మనిషి, ఆ రోజు గుసగుసగా మాట్లాడింది. తిట్టి ఉంటే ఎంత బావుండేదో.

ఆవిడ కుడికాలి వేళ్ళు మూడు పోయాయి. ఏప్రిల్‌లో మగాళ్ళందరూ వచ్చాక ఊరిపెద్ద మీటింగు పెట్టాడు, ఆ రోజు దారి ఎందుకు తొక్కలేదు అని. మిసావో లేచి, నేను చూడగానే పలక ఒకరోజు ముందే నా తలుపుకుందండీ అంది. అబద్ధం ఆడలేదు పాపం. ఊరిపెద్ద తల పంకించాడు. "ఇసోకి వయసైపోయింది. తొక్కకుండానే పలక కట్టేసి, ఆనక గుర్తొచ్చి బయల్దేరింది. ఏదో దేవుడి దయవల్ల యాసుకిచి బతికాడు" అన్నాడు. అందరూ ఆవిడ వంక జాలిగా చూశారు. ఆవిడ ఎవరి వంకా చూడలేదు, నా వంక చూసింది. ఒక్కసారి. నేను చెప్తానని కాదు, చెప్తానో లేదో అని. నా పక్కన మా అత్తగారు. ఎదురుగా మా ఆయన, నలిగి మానిన చేత్తో. నా వల్లే నువ్వు చావబోయావని అందరి ముందూ ఎలా చెప్పను? తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆవిడ కూడా చెప్పలేదు. చెప్తే పోయేది కదా? కొత్త కోడల్ని, బతకనివ్వరని చెప్పలేదు. ఊరిపెద్ద జేబులోంచి చాకు తీసి, ఆ పలక వెనకాల ఏటి ఇల్లు అన్న మాట అందరి ముందూ గీకేశాడు. చెక్కపొట్టు చాప మీద పడింది. ఆవిడ వంగి, ఆ పొట్టు వేలితో అద్దుకుని తీసి, చెత్త ఎందుకు ఇంట్లో అని, రుమాల్లో కట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంకో రెండు చలికాలాలు బతికింది. పలక ఆవిడ గుమ్మం ముందు నించే వెళ్ళేది, నేనే తీసుకెళ్ళేదాన్ని, మిట్ట ఇంటి నించి కమ్మరింటికి. ఒక్కరోజు కూడా తలుపు తెరవలేదు. పోయిన రోజున ఆవిడ శవపెట్టెని కిందికి దించడానికి దారి నేను తొక్కాను, ఇద్దరు మనుషుల వెడల్పు. మర్నాడు నేను ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళి, ఏటి ఇంటి వంతు కూడా నేనే తొక్కుతానండీ అన్నాను. ఎందుకమ్మా అన్నాడు. అప్పుడు కూడా అసలు సంగతి దాచాను. ఆవిడ మా ఆయన్ని బతికించింది కదండీ అన్నాను. ఎంత మంచిపిల్లో అన్నారు అందరూ. మంచిపిల్లట. గీకేసిన చోట ఏటి ఇల్లు అని మళ్ళీ రాశాను, ఆ సిరా నాదే. ఎడంచేత్తో రాస్తే అలాగే వంకరగా వస్తుంది. మంచు బండి వచ్చేదాకా పదకొండేళ్ళు వరసగా రెండేసి రోజులు తొక్కాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఆయనకి కూడా చెప్పలేదు. ఆ రబ్బరు బూట్లు ఒక్కసారి కూడా తొడుక్కోలేదు, ఎందుకే అని అడిగేవాడు. బిగుతు అనేదాన్ని.

ఇదిగో, నీకు ఎందుకు చెప్పానంటే. నువ్వు లోపలికొచ్చి బూట్లు నా చేతికిచ్చినప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? వీణ్ణి కబుర్లతో కట్టేద్దాం, బండి వెళ్ళిపోయేదాకా సాగదీద్దాం, బూట్లు కట్టెల వెనకాల దాచేద్దాం అనుకున్నాను. కిందటేడు ఆ బండి వెనకాలే తోకలా వెళ్ళిన కారు, గాలిలో ఎర్రలైటు కనపడక పన్నెండో మలుపులో ఏమైందో నీకూ తెలుసు, మీ ఆఫీసు వాళ్ళే లోయలోంచి తీశారు. నీకు నాలుగు నెలల పిల్ల. మనసొప్పలేదు నాయనా, అప్పట్లాగే. కానీ దాచలేదు. చూడు, నీ ఎదురుగానే పెట్టాను, ఆరాయి కూడా. నీ కాళ్ళు నీవి, నీ ఇల్లు నీది. అందుకని అడుగుతున్నాను. ఈ రాత్రికి ఉండిపో. మీ ఆవిడకి ఫోను చెయ్యి, ఆవిడ్నీ అడుగు.

అదిగో, హారన్. విన్నావుగా. ఉండు, చెయ్యూపి వస్తాను, లేకపోతే దిగి వచ్చేస్తాడు. అబ్బా, కిటికీలోంచి ఆ బండే కనపట్లేదు, లైటు మాత్రం తెలుస్తోంది. నిమిషం ఆగుతాడు, ఎక్కువ ఆగడు.

పులుసు కాగింది. ఒక గిన్నె దించనా, రెండా?